వంటావార్పు కాడ టీకాలు

సకల జనుల సమ్మె రోజులు. తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే వండి తినే వంటావార్పు పొయ్యిలు కేసముద్రం రోడ్డు మీద మండుతున్నాయి. దవాఖాన బాధ్యత కొత్తగా తీసుకున్న డాక్టరమ్మ టీకాల డబ్బాతో వచ్చి, సమ్మె టెంటులో కూర్చున్న, అదే దవాఖానలో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద వయసు సూపర్‌వైజర్ ముందు నిలబడింది.

"సార్, తండాలల్ల తట్టు మొదలైంది. బస్సుల్లేక ఒక్క తల్లి దవాఖానకు రాలే. డబ్బాల ఐసు సాయంత్రం దాకనే ఆగుతది. ఏం జెయ్యాలె?"

"నేను సమ్మెల ఉన్న డాక్టరమ్మా. నన్ను పని అడగొద్దు."

"పని కాదు, సలహా అడుగుతున్న."

"ట్రైనింగుల ఏం చెప్పిన్రు?"

"తల్లులను దవాఖానకు పిలిపియ్యాలన్నరు."

"మరి తల్లులు ఇయ్యాల ఏడున్నరు?"

ఆమె వెనక్కి తిరిగింది. తండాల నుంచి వచ్చి పొయ్యిల దగ్గర అన్నం కలుపుతున్న ఆడవాళ్లను, వాళ్ల చంకల్లోని పిల్లలను అప్పుడు చూసింది. మూడు నెలలుగా ఏది అడిగినా ఈయన ఇలా ప్రశ్నే తిరిగి ఇచ్చాడు. జవాబు చెప్పి ఉంటే తను రేపు మళ్లీ వచ్చి అడిగేది.

"ఈడనే వేస్త సార్. కానీ నాయకులు ఒప్పుకుంటరా?"

"అడిగినవా?"

ఆమె నవ్వింది. వెళ్లి అడిగి వచ్చింది.

"ఒప్పుకున్నరు. మైకుల పిలుస్తమన్నరు. నర్సొక్కతే ఉన్నది, పిల్లలను పట్టుకునేటోళ్లే లేరు."

పెద్దాయన లేచి తువ్వాల నడుముకు చుట్టాడు.

"సమ్మెల ఉన్నోడు సూది ముట్టొద్దు గని, పిల్లగాన్ని ఒళ్లె కూసోబెట్టుకుంటె ఎవలేమంటరు? పిలువుండ్రి, ఎవలు ముందు?"