రాతిలో డోలక్

సూరత్‌లోని భేస్తాన్. కరోనా రెండో ఏడు, ఎండాకాలం. తెలంగాణ నుంచి వలస వచ్చినవాళ్ళు పనిచేసే మరమగ్గాలు, లూములు ఆగిపోయాయి. లూము పనివాడు బ్రహ్మచారి తన ఇంటి ముందు ఒక రాయి చెక్కుతున్నాడు; పక్కన తోటి పనివాడు బిక్షపతి.

"గా బొమ్మ మొఖం మీది తడిబట్ట తియ్యి, చారీ."

"తియ్య. పని కాలె."

"పని కానిది గా ఒక్క మొఖమేనా? మిగిలినోళ్ళందరు బయటనే ఉన్నరు గద."

"నీకెందుకు? పోయి ఇంట్ల కూసో. రోగం తిరుగుతున్నది."

"నాకెందుకా? బట్ట కింది బొమ్మ ఎడమచేత్తోని డోలక్ వాయిస్తున్నది. గట్ల వాయించేటోడు మన భజనల ఒక్కడే. మా తమ్ముడు దశరథం. దవాఖానల ఆక్సిజన్ మీద ఉన్నోన్ని రాతిల చెక్కుతవా? రాతిల చెక్కేది సచ్చినోళ్ళను."

"వాన్నొక్కన్నే చెక్కిన్నా? సుట్టు జూడు. తాళాలు పట్టింది నేను. బతుకమ్మ ఆడేటోళ్ళల్ల నీ పెండ్లాం మంగ. గా మూలకు మొఖం మాడ్సుకొని కూసున్నది నువ్వు."

"మజాకు చెయ్యకు."

"మన లూముల సేఠ్ ఆఫీసుల నల్లరాయి బొమ్మ ఒకటున్నది. మంచుదేశపు ఇన్యూట్లు చెక్కిండ్రట. ఒకడు డోలు కొడుతుంటే అందరు సుట్టు చేరిండ్రు. మనం చూస్తే ఎవని గదిల వాడు. రాతిలనన్న ఒక్కతాన ఉంచుదామనుకున్న."

"ఉంచుకో. మా తమ్మున్ని మాత్రం గీకెయ్యి."

"గీకను."

"సుత్తె ఇటు దే, నేనే పలగ్గొడ్త."

"చెయ్యి తియ్యి ముందు. బతికున్నోనికి రాతిల కండ్లు తెరిస్తేనే దోషం, పాణం రాతిలకు పోతదని మా నాయిన చెప్పేటోడు. అందుకే ఎవ్వలికి కండ్లు పెట్టలె. నీ మొఖం జూడు, మంగ మొఖం జూడు. కండ్ల తాన నున్నగ లేదా?"

"ఉన్నది."

"మరి? పో ఇగ."

"పోత. నాకు గుజరాతీ రాదని దవాఖానోళ్ళకు నీ నంబరే ఇచ్చిన. పొద్దటి సంది ఫోనేమన్న చేసిండ్రా?"

"ఏం... ఏం చెయ్యలె. నువ్వు బువ్వ తిన్నవా?"

"గింత కొట్లాట వెట్టుకొని బువ్వ ముచ్చట అడుగుతున్నవేంది?"

"ఊకనే అడిగిన. ఏయ్, బట్ట ముట్టకు. ముట్టకు, బిక్షపతీ. జర ఆగు, నేను చెప్త—"

"ఎవ్వలికి లేని కండ్లు మా వానికే తెరిసినవ్. ఫోన్ ఎప్పుడొచ్చింది, చారీ?"