ఎనిమిదింటి పని ఆరు

ఉక్కు ఫ్యాక్టరీ కూలీలుండే క్యాంప్ 2 బస్తీలో ఒక ఇంటి అరుగు మీద కూతురు చేతిలో కాగితాలు పట్టుకుని రేపటి ఇంటర్వ్యూకి పాఠం అప్పజెబుతోంది. ఉద్యోగం రాయపూర్‌లో, ఖరీదైన కార్ల షోరూంలో. వింటున్న తండ్రి ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద ఫర్నేస్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసినవాడు.

“ఇదివరకు పెద్ద కారంటే ఎనిమిది సిలిండర్లు నాన్నా. ఇప్పుడు చాలావాటికి ఆరే.”

“కారు చిన్నదైపోయిందేటి?”

“లేదు, ఇంకా పెద్దదైంది.”

“మరి ఆరుతో ఎలాగ లాగుద్ది?”

“టర్బో ఉంటుంది కదా. బైటికి పోయే పొగే ఫ్యాన్ తిప్పి ఇంజిన్‌లోకి గాలి తోస్తుంది. పెట్రోలు తక్కువ, తాకత్ మాత్రం అంతే.”

“అంటే ఫర్నేస్‌కి బ్లోయర్ లాగన్నమాట. మరి ఎనిమిదివి మానేసారేటి?”

“కొన్నిటికి ఉంచారు. ఆ గుర్రుమనే చప్పుడు కోసమే కొంటారట.”

“పనికి కాదు, చప్పుడుకా! ఏటో, నాకేం బోధపడ్డంలేదు. మా ఠేకేదారు కూడా మిషను తెచ్చి ఎనిమిది మందిలో ఆరుగుర్నే ఉంచాడు, అందులో నేనొకణ్ని.”

“అరే నాన్నా, నేను కారు గురించి చెప్తున్నా.”

“నేనూ కారు గురించే అడుగుతున్నాను తల్లీ. ఎనిమిదింటి పనీ ఆరే చేస్తే, ఆ ఆరూ బేగి అరిగిపోవా?”

“అది ఈ కాగితాల్లో రాయలేదు. మోకాళ్లకి నూనె రాసుకున్నావా?”