తొమ్మిదో చెరువు అలారం

2006 ఆగస్టు. తాడేపల్లిగూడెంలో, రిటైరైన పాలిటెక్నిక్ లెక్చరర్ పాండురంగారావు గారి వరండా. ఆకివీడు దగ్గర చేపల చెరువులకు అలారం ప్రోగ్రాం రాసిన పాత శిష్యుడు దుర్గాసాయి, చేతిలో కాగితాలతో ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్ననే రాసిచ్చాను కదయ్యా చెరువుల యజమాని, మీ వెంకట్రాజుకి. ప్రోగ్రాం సవ్యంగా ఉంది, కాపలా మనిషి నిద్రపోయి ఉంటాడు అని."

"అది చూసే కాపలా జాకబ్ గారిని పనిలోంచి తీసేశారండి. పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషిని."

"తొమ్మిదో చెరువులో చేపలన్నీ చచ్చి తేలితే సన్మానం చేస్తారా?"

"అలారం మోగలేదంటున్నారండి ఆయన."

"ఎవరైనా అలాగే అంటారు. యంత్రానికి అబద్ధమాడే అవసరం లేదు. రెండు ఫైళ్లూ వరుస వరుసా చదివాను, తప్పు లేదు."

"ఆ రెండూ కలుపుకునే హెడర్ ఫైలు చదివారా అండి?"

"దాంట్లో ఏముంటుంది, పేర్లేగా."

"యారే కూడా ఉందండి. పన్నెండు చెరువులకీ నీళ్లలో ఆక్సిజన్ ఎంతకి దిగితే మోగాలో, ఆ హద్దుల పట్టిక."

"హెడర్‌లోనా? ఉందని చెప్పి ఊరుకున్నావా, అక్కడే పుట్టించావా?"

"పుట్టించానండి. సున్నాలతో నింపి."

"నిరుడు మోగింది కదా మరి?"

"నిరుడు ఒకటే ఫైలండి. పెద్దదైందని ఈ వేసవిలో రెండు చేశాను. హద్దులు తీసుకునేది ఒకటి, అలారం మోగించేది ఒకటి."

"రెండూ ఆ హెడర్‌నే కలుపుకుంటే, ఒకే పేరు రెండుసార్లు పుట్టిందని, ఫైళ్లని జోడించే లింకర్ ఒప్పుకోదే."

"ఒప్పుకోలేదండి. అందుకని... యారే పేరు ముందు స్టాటిక్ అని పెట్టాను."

"పెడితే?"

"ఊరుకుందండి."

"ఊరుకోదా మరి! ఒక్క యారే కాస్తా ఫైలుకొకటి చొప్పున రెండైపోయింది. తొమ్మిదో చెరువుకి నాలుగు అని మీరు కొడితే ఒక దాంట్లో పడింది. అలారం చూసుకునేది రెండోది. అందులో ఎంతుంది?"

"సున్నా అండి."

"ఆక్సిజన్ సున్నా కన్నా ఎలా దిగుతుందయ్యా?"

"దిగదండి."

"బిగించిన రోజు మోగించి చూడలేదూ?"

"బటన్ నొక్కి చూశామండి. బటన్‌కి హద్దుతో పని లేదు."

"అయితే జాకబ్..."

"మెలకువగానే ఉన్నారండి. తొమ్మిదో చెరువుకి మాత్రం కరెంటు పోయి, నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగాయని అవతలి గట్టు మీదున్న ఆయనకి తెలియలేదు, అంతే."

"ఒక్క చోట నిర్వచించి, అది వేరే చోట ఉందని హెడర్‌లో ఎక్స్‌టర్న్ అని ప్రకటిస్తే పోయేదానికి, ఒక మనిషి పొట్ట మీద కొట్టావు. ఎవడు నేర్పాడు నీకీ తెలివి?"

"వదిలేయండి సార్. తప్పు నాదేనని వెంకట్రాజు గారితో నేను చెప్పుకుంటాను."

"అడిగినదానికి చెప్పు."

"ఎందుకులెండి."

"ఆ వెనక దాస్తున్న కాగితం ఏమిటి?"

"మా రెండో సంవత్సరం నోట్సండి. మీరు చెప్పి రాయించింది."

"ఇలా తే. కళ్లజోడు లేదు, నువ్వే చదువు."

"'ఒకే యారే రెండు ఫైళ్లలో ఉందని లింకర్ గొడవ చేస్తే, దాని పేరు ముందు స్టాటిక్ అని చేర్చండి. గొడవ ఆగుతుంది.'"

"ఇంకోసారి చదువు."

"సార్, మంచినీళ్లు తెమ్మంటారా?"

"పద్నాలుగేళ్లు చెప్పాను ఆ పాఠం. ఆకివీడు బస్సు ఎన్నింటికి? ముందు జాకబ్ ఇంటికి, తరవాతే మీ వెంకట్రాజు దగ్గరికి."