పెట్టెకి అడుగు సొరుగు

ఒరే మధూ, అలా సెయ్యి దూర్చీకురా! ఓలమ్మో, తెగినట్టు కూడా తెలీదు నీకు, రగతం వచ్చినాక గానీ. ఇలా కూకో, నేను తీసి సూపిత్తాను. మెల్లగా మాటాడు, లోపల మీ తాత నిద్దరోతన్నాడు. ఏటీ, ఎక్కడ కొన్నారా? కొన్నారట! ఈ ఇరవయ్యొక్క ఉలుల్లో బజార్లో కొన్నది ఒక్కటి నాకు సూపించు, నా పేరు మార్చుకుంటాను. ఇవన్నీ మా అయ్య అప్పలసూరి, అంటే నీకు ముత్తాత, సొంతంగా సేసుకున్నవి. మేం ఈ ఊళ్ళోనే బర్మామైన్స్ పేటలో ఉన్నప్పుడు, పాత ఇనుము కొనీ కబాడీవాడి దగ్గర అరిగిపోయిన ఆకురాళ్ళు, ఇరిగిపోయిన లారీ స్ప్రింగు పట్టీలు ఏరుకొచ్చీవోడు. లోహారు కొలిమి కాడ కూకుని సాగగొట్టి, నూనెలో ముంచి, సానబట్టి, ఒక్కో ఉలికి మూడేసి ఆదివారాలు. పిడులేమో శీశం కర్ర. పట్టుకో, పరవాలేదు, పిడి పట్టుకో. ఎలగుంది? 'మస్త్ హై' అట! మా అయ్య తన అరచేతికి కొలిచి సేసుకున్న పిడిరా అది, అయినా నీ సేతిలో ఎలా ఒదిగిపోయిందో సూడు.

ఇదిగో, ఈ సన్నటిది, పెన్సిలు పాటి లేదు కదా, దీని పేరు జగదాంబ. అవును, ఉలికి పేరే. మా అమ్మమ్మ పేరు, మా అయ్యకి అత్తగారు. 'మా అత్త ఒక్క మాటంటే ఎక్కడ తెగిందో రెండు రోజులదాకా తెలీదు, ఇదీ అంతే' అనీవోడు. మా అమ్మ పైడమ్మ మూతి మూడొంకరలు తిప్పీది. ఈ ఎడల్పుది, మొద్దులాటిది, కూర్మారావు. ఆయన మా అయ్యకి బావమరిది, మా క్వార్టర్ల లైన్లోనే నాలుగిళ్ళవతల ఉండీవోడు. ఆయనకి మాత్రం ఆ సంగతి సెప్పలేదు, పాపం.

పెట్టె సూడు మరి. గుమ్మడిటేకు, ఇక్కడోళ్ళు గమ్హార్ అంటారు. మూలల్లో ఒక్క మేకుందేమో ఎతుకు. రెండు సేతుల ఏళ్ళూ ఒకదాన్లో ఒకటి దూర్చినట్టు దూర్చీసాడు. లోపల ఏ ఉలి పడక దానిదే, పక్కదాని పడకలో ఎడితే పడుకోదు. ఆ పచ్చ మఖమలు గుడ్డ అతికించింది నేనేలే. వాసన కర్పూరం, తుప్పట్టకుండా. ఆదివారం ఆదివారం వీటికి నూనె రాసీ పని నాది, నాకు పన్నెండేళ్ళప్పటినుంచీ. ఏటంటన్నాను? ఆఁ, మా అయ్య పని. కార్ఖానాలో పేట్రన్ షాపు. ఉక్కు కరిగించి అచ్చులో పోత్తారు కదా, ఆ అచ్చు తియ్యడానికి ముందుగా కర్రతో అదే వస్తువు సెయ్యాల. అది సేసీవోడు మా అయ్య. అందులో ఒక తిరకాసుంది, ఇది సరిగ్గా ఇను. కరిగిన లోహం సల్లారితే కుంచించుకుపోద్ది. అందుకని కర్రది పిసరంత పెద్దగా సెయ్యాల. ప్రతిసారీ లెక్క కట్టుకుంటా కూకోలేరు కాబట్టి ఆళ్ళకి యేరే స్కేలుంటాది. సూడ్డానికి మామూలు స్కేలే, అంకెలూ అవే, కానీ దాని మీద అడుగంటే అసలు అడుగు మీద రెండు సూత్‌లు ఎక్కువ. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా అయ్యకి రెండు రకాలూ ఉండేవి, రెండూ స్టీలువే, రెండూ తను కొనుక్కున్నవే. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్క కొలత తప్పలేదు. అది ఆయనే సెప్పుకునీవోడు, రోజుకి రెండుసార్లు.

అలాటి మనిషికి అల్లుడవుదామని ఒకడొచ్చాడు. ఆదిబాబని, బారిడీహ్‌లో అన్నగారింట్లో ఉంటా, కాసిడీహ్‌లో ఒక ఫర్నీచరు దుకాణంలో వడ్రంగి. పళ్ళికిలించకు, మీ తాతే. నన్ను సూడ్డానికొచ్చి ఈ పెట్టెని సూసాడురా! కాఫీ సల్లారిపోతంటే ఒక్కో ఉలీ తీసి ఎలుగులో తిప్పి సూసి, మళ్ళీ దేని పడకలో దాన్నే ఎట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇష్టం కూడా అక్కడే అయిపోయింది, మరేటి సెప్పను. మా అయ్య మాత్రం, 'మంచాలు సేసీవోడికి నా పిల్లనా?' అని. మా అమ్మ ఊరుకుంటాదా, 'నువ్వు పడుకునీది మంచం మీద కాదేటి?' అంది. రెండు రోజులు గోల. ఆఖరికి మా అయ్య మెట్టు దిగి, 'ఈ పెట్టెకి అడుగు సొరుగు ఇంకా సెయ్యలేదు, ఖాళీ అలాగే ఉంది. కొలతలు రాసిత్తాను. విశ్వకర్మ పూజ నాటికి సేసుకురా. గాలి ఆడకుండా సాఫీగా ఎల్లాల. ఎల్తే పిల్లనిత్తాను' అన్నాడు. అని, ఊరుకున్నాడా? 'మీ దుకాణం స్కేళ్ళ మీద నాకు నమ్మకం లేదు, నాది పట్టుకెళ్ళు' అని సంచీలోంచి తీసి ఇచ్చాడు. సూసావా? నీకప్పుడే తెలిసిపోయింది. మాకు తెలీలేదు కదరా.

డెబ్బై నాలుగు, సెప్టెంబరు పదిహేడు, మంగళవారం. విశ్వకర్మ పూజంటే ఈ ఊళ్ళో నీకు నేను సెప్పాలా? కార్ఖానాలో పూజ అయిపోయాక మా లైన్లోవాళ్ళందరూ మా వాకిట్లో ఉన్నారు, ఈ పెట్టె సూడ్డానికి. ఉలులకి బొట్లు ఎట్టి వరసగా పేర్చాం. ఆదిబాబు సైకిలు మీద సొరుగు తువ్వాల్లో సుట్టి పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చాడు. స్కేలు తిరిగిచ్చాడు, మా అమ్మ దానికీ బొట్టెట్టి వరసలో ఎట్టీసింది. అప్పుడు వొంగి సొరుగు తోసాడు. ఎల్లదే! ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఎల్లదు. అసలు నోట్లోకే పట్టలేదు. కూర్మారావు మావయ్య ఊరుకుంటే కదా, 'సొరుగు తెమ్మంటే తలుపు తెచ్చావేటి బాబూ?' అన్నాడు. వాకిలంతా నవ్వు. కుర్రోడు 'మావా, ఒక్కసారి కొలిచి సూత్తాను' అని స్కేలు మీదకి సెయ్యి సాపాడు. ఓరి నాయనో, ఇక సూసుకో! 'పూజనాడు పనిముట్టు ముట్టుకుంటావా?' అని ముసలోళ్ళందరూ ఒకటే ఎగురుడు. మా అయ్య 'కొలవడం రానోడికి పిల్లనెలా ఇత్తానయ్యా, ఎల్లిరా' అన్నాడు. ఆదిబాబు సొరుగు అరుగు మీద ఎట్టి, సైకిలెక్కి ఎల్లిపోయాడు, ప్రసాదం కూడా పుచ్చుకోలేదు. ఆడి వంతు బూందీ మావయ్యే తినీసాడు.

నేనారోజు దొడ్లోకెళ్ళి ఏడిసాను, ఇప్పుడు సెప్పడానికేటి సిగ్గు. మర్నాడు బుధవారం, బొట్లు తుడవడానికి పనిముట్లు తీసాను. నేను రవికలు కుట్టీదాన్ని కదా, కుట్టు మిషను మీద నా టేపుంది. ఎందుకో స్కేలు పక్కన పరిచాను. అడుగు కాడ తేడా! టేపు తడిసి కుంచించుకుపోయిందేమో అనుకున్నాను. మా అయ్య రెండో స్కేలు తెచ్చి ఎట్టాను. టేపూ అదీ ఒక్కటే. 'ఇత్నా సా ఫర్క్' అంటావు నువ్వు, ఆ పిసరంత తేడాయే పద్దెనిమిది అంగుళాల సొరుక్కి మూడు సూత్‌లయింది. ఆదిబాబుకిచ్చింది పేట్రన్ షాపు స్కేలు! తప్పు మా అయ్యది. మా అమ్మకి సెప్తే నా నోరు మూసీసింది, 'మీ అయ్యకి తెలిత్తే అన్నం మానేత్తాడే, మనిషి మనిషిలా ఉండడు, ఊరుకో' అని. ఊరుకున్నాను. గురువారం ఊరుకున్నాను. శుక్రవారం ఊరుకున్నాను. ఈలోగా మా అయ్య పలాస సంబంధం ఒకటి కుదిర్చి, ఆళ్ళని ఆదివారం రమ్మన్నాడు. ఇంక నా పేణం ఆగలేదు.

శనివారం పొద్దున్న. ఆ వారం మా అయ్యకి బి షిఫ్టు, మధ్యాన్నం దాకా ఇంట్లోనే. పీట మీద కూకుని సద్దన్నం తింటన్నాడు. కంచం పక్కన రెండు స్కేళ్ళూ, టేపూ పరిచి, 'సూడయ్యా' అన్నాను. ఎడమసేత్తో జరిపి సూసాడు. మళ్ళీ సూసాడు. మూడోసారి సూసి లెగిసాడు. కంచం గోడకి తగుల్తాదనుకుని నేనూ అమ్మా పక్కకి తప్పుకున్నాం. సెయ్యి కడుక్కుని, సొరుగు సైకిలు కేరియరుకి కట్టుకుని, బనీను మీదే బయల్దేరాడు. సరాసరి బారిడీహ్ ఎల్లాడనుకున్నావా? ముందు మావయ్య ఇల్లు. 'కూర్మా, బయటికి రా! కుర్రోడి సొరుగు కరెట్టు. స్కేలు నేనే సూసుకోకుండా మార్చి ఇచ్చాను, తప్పు నాది!' మావయ్య పళ్ళు తోముకుంటా, నోట్లో నురగతో, 'పోనీ బావా, ఇప్పుడెవరడిగారు?' అన్నాడు. 'మొన్న నవ్వమని నిన్నెవరడిగారు?' అని ఒక్క కసురు. పూజనాడు వాకిట్లో ఎవరెవరున్నారో గుర్తెట్టుకుని, పదకొండు ఇళ్ళు ఎక్కి దిగాడురా. ప్రతి గుమ్మంలోనూ రెండు స్కేళ్ళూ పక్కపక్కన ఎట్టి సూపించడం. ఆడోళ్ళు పొయ్యి కాడ పని ఒదిలి మరీ సూసారు.

ఆ తరవాత బారిడీహ్. అక్కడ జరిగింది మీ తాతే సెప్పాడు నాకు. గుమ్మంలో నిలబడి, 'ఆదిబాబూ, నీ సెయ్యి తప్పలేదు, నా స్కేలు తప్పింది' అన్నాడట. ఈయన కంగారుపడి, 'ఎవరికైనా జరుగుద్ది మావా' అన్నాడట. 'ఎవరికైనా జరగొచ్చు, నాకు జరక్కూడదు!' అని మళ్ళీ ఈయనమీదే కేకలు! పలాసోళ్ళకి మర్నాడు స్టేషనుకి ఎదురెళ్ళి, పూరీలు పెట్టించి, సంగతి సెప్పి, సాయంత్రం బండెక్కించాడు. ఆళ్ళు కూడా నవ్వుకుంటా ఎల్లారట.

సొరుగుని మూడు సూత్‌లు సిత్రిక పడితే అయిపోద్ది కదా అంటావు. మేమూ అదే అన్నాం. ఇన్లేదు. 'ఆడి పని సరైనది, దాన్ని నేను ముట్టను' అని తన పెట్టెనే కోసుకున్నాడు. ఇక్కడ సూడు, అడుగున రెండు పక్కలా సెక్క పలసన, సొరుగు ముందుకి కొంచెం పొడుచుకొచ్చింది. ఇంత అందమైన పెట్టెని, సేతులారా. అలా కోత్తా కోత్తా, తలెత్తకుండా అడిగాడు, 'నీకెప్పుడు తెలిసిందే?' అని. బుధవారం అన్నాను. 'మరి శనివారం దాకా సెప్పలేదేం?' 'నువ్వు సిన్నబోతావని అయ్యా' అన్నాను. ఉలి ఆపీసి నా మొహంలోకి సూసాడు. కోపం లేదురా, కోప్పడినా బాగుణ్ణు. 'నేను సిన్నబోతే ఏటే అమ్మా? సెయ్యని తప్పుకి ఆ కుర్రోడు నాలుగు రోజులు సిన్నబోయి కూకున్నాడు కాదేటి' అన్నాడు.

...

ఏటి? ఏం లేదు. కుళాయిలో నీళ్ళొచ్చినట్టున్నాయి, బకెట్టు పట్టు, బేగి లెగు.