బదిలీకి కావలసిన రిపోర్టు

డాక్టరమ్మ గదిలో గోడౌను గుమాస్తా కూర్చోమన్నా కూర్చోలేదు. పక్క కుర్చీలో అతని భార్య, ఒళ్లో చేతిసంచీ.

"రిపోర్టులు తారుమారయ్యాయి మేడమ్. ముమ్మాటికీ తారుమారయ్యాయి!"

"లేదండీ, మళ్లీ చూశాం. ఈ నార్మల్ రిపోర్టు మీదే. ఒత్తిడి హార్మోను ఎక్కువున్నది మీ ఆవిడకి."

"అదెలా కుదురుతుందండీ? పొద్దస్తమానం మేనేజరు చేత చీవాట్లు తినేది నేను! అందరి ముందూ చిటికేసి పిలుస్తాడు, నేనసలు మనిషినే కానట్టు. ఆ ఒత్తిడి హార్మోనేదో నా ఒంట్లో పొంగి పొర్లుతుండాలి!"

"పొర్లట్లేదు మరి."

"అలా అంటే ఎలాగండీ బాబూ! మీరు రాసిస్తేనే కదా నాకు ఆ సెక్షన్నుంచి బదిలీ! అసలు ఈవిడ చేత కూడా పరీక్షకి ఉమ్మి ఇప్పించింది అందుకే. ఒకే ఇల్లు, ఒకే తిండి. ఈవిడకి లేనిది నాకుందంటే తప్పు ఆఫీసుదేనని తేలిపోతుందని..."

"ఆలోచన బాగానే ఉంది. ఈ హార్మోను పొద్దున ఎక్కువుండి రాత్రికి దిగిపోవాలి. మీకు చక్కగా దిగింది. ఆవిడకే దిగట్లేదు. రాత్రిపూట ఇంట్లో ఏం జరుగుతుంది?"

"ఏం జరుగుతుందండీ? తింటాం, పడుకుంటాం. దీనికేం ఒత్తిడి, హాయిగా ఇంటిపట్టున ఉంటుంది! ఏయ్, నీళ్ల సీసా ఏదీ? నిన్నే!"

"చిటికెయ్యకండి, ఇస్తున్నాగా."

"మూత తియ్యమని కూడా చెప్పాలా? చూశారా మేడమ్, ఇదీ వరస! అక్కడ వాడితో పడి వస్తే ఇక్కడ ఈవిడతో..."

"మేనేజరు తిట్టినప్పుడు మీరేమంటారు?"

"ఏమనగలనండీ పైవాణ్ణి? నోరు మూసుకుంటాను."

"ఇంటికొచ్చాక?"

"ఇంటికొచ్చాక... అంటే... మనిషన్నాక ఓ నాలుగు కేకలేస్తాం. కడుపులో ఉన్నది కక్కేస్తే తేలికపడుతుంది కదండీ."

"తేలికపడ్డారు. రిపోర్టులో కనబడుతూనే ఉంది."

"అంటే? ఏమే, నువ్వేమైనా చెప్పావా ఈవిడకి?"

"నేనేం చెప్పలేదండీ."

"మరి చెప్పు! నీకేం తక్కువ చేశానో చెప్పు, వింటాను!"

"మీరుండండి. అమ్మా, మీరు చెప్పండి. మీకేం కావాలి?"

"నాకేం వద్దు డాక్టరుగారూ."

"ఫరవాలేదు, చెప్పండి."

"ఆయన రాసిమ్మన్నారే, బదిలీ కాగితం... అది నా పేరు మీద రాసివ్వండి."