వడ్డాణం ఇచ్చి లైసెన్స్ పోగొట్టుకున్న శశికాంత్ గారికి

సభకు పెద్దగా కూర్చున్న మల్లికార్జునరావు గారికి, ముందు వరసలో కోట్లు విప్పకుండానే సర్దుకున్న పెద్దలకి, ఈ దేశం వచ్చి మన నోవై ఊళ్లో స్థిరపడ్డ తెలుగు మిత్రులకి, శశికాంత్ గారితో కలిసి ఇన్నేళ్లు బస్సులు నడిపి, ఇప్పుడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పక్కవాళ్లని చూసి నవ్వుతున్న డ్రైవర్ మిత్రులకి నమస్కారం. నా పేరు చాముండేశ్వరి. ఈ రోజు రిటైర్ అవుతున్న శశికాంత్ గారికి నేను మాజీ భార్యని. ఫరవాలేదు, నవ్వొచ్చు. ప్రోగ్రామ్‌లో నా పేరు చూసినప్పటి నుంచి మల్లికార్జునరావు గారు ఫోన్ చేసి "అమ్మా, ఏం మాట్లాడదామనుకుంటున్నారు" అని అడుగుతూనే ఉన్నారు. నన్ను మాట్లాడమన్నది మా అమ్మాయి కృతి. ఏదైనా తేడా వస్తే తననే అడగండి. (నవ్వులు)

కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం పోయాక, అందరూ రెజ్యూమేలు దిద్దుకుంటూ కూర్చుంటే ఈయన వెళ్లి కమర్షియల్ లైసెన్స్ తెచ్చుకుని టూరిస్ట్ బస్సు ఎక్కారు. మంచులో కూడా కుదుపు తెలియకుండా నడిపేవారని ఇంతవరకు మాట్లాడినవాళ్లంతా చెప్పారు. నిజమే. ఆ లైసెన్స్ ఒకసారి పోయిన సంగతి మాత్రం మర్యాదకి ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుతున్నాను.

మేం విడిపోయేనాటికి కృతి చిన్నపిల్ల. పిల్ల పోషణకి ఈయన నెలనెలా చైల్డ్ సపోర్ట్ కట్టాలని, అది కోర్టు వారి ఆఫీస్ ద్వారానే కట్టాలని ఆర్డర్ వచ్చింది. ఈయనకి పౌరుషం వచ్చింది. "నా కూతురికి నేనిచ్చుకోవడానికి మధ్యలో ఆ ఆఫీసెందుకు చాముండీ" అని, శనివారం పిల్లని చూడ్డానికి వచ్చినప్పుడల్లా పట్టులంగాలు, జుంకాలు, గాజులు తెచ్చేవారు. పిల్ల పళ్లకి బ్రేసెస్ కావాలి, డెంటిస్ట్‌కి కట్టాలి అంటే, ఆ పుట్టినరోజుకి బంగారు వడ్డాణం తెచ్చారు. నవ్వకండి, అప్పుడు నాకు నవ్వు రాలేదు. అద్దె నేనే, డెంటిస్ట్ నేనే. చేతిలో డబ్బు లేదు, బీరువాలో వడ్డాణం ఉంది.

ఆఫీస్ నుంచి నోటీసులు వచ్చాయట. "ఇస్తూనే ఉన్నాగా, వాళ్లకే తెలుస్తుంది" అని ఈయన పక్కన పడేశారట. వాళ్లకెలా తెలుస్తుందండీ, నా బీరువా వాళ్ల కంప్యూటర్‌లో లేదు కదా. (నవ్వులు) చివరికి బాకీ పేరుకుపోయిందని డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ చేశారు. మామూలు లైసెన్స్ పోతే దాంతోపాటే కమర్షియల్ కూడా పోతుంది. కంపెనీ వాళ్లు బస్సు తాళాలు తీసుకున్నారు. బాకీ తీర్చాలంటే బస్సు నడపాలి, బస్సు నడపాలంటే బాకీ తీర్చాలి. ఉద్యోగం ఎన్నాళ్లు అట్టే పెడతారో తెలియదు.

ఆ శనివారం కృతి బూట్లు వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నాన్న రాలేదు. సరే, నేనే నా కార్‌లో వెళ్లి ఈయన్ని ఎక్కించుకున్నాను. పక్కన కూర్చుని, ప్రతి సిగ్నల్ దగ్గరా బ్రేక్ అక్కడే ఉన్నట్టు కాలితో కార్పెట్ నొక్కడం మొదలుపెట్టారు.

"ముందు ట్రక్ ఉంది."

"కనిపిస్తోంది."

"బ్లాక్ ఐస్ ఉంటుంది, చాముండీ. రోడ్డు మీద కంటికి కనపడదు."

"లైసెన్స్ ఉన్నవాళ్లు డ్రైవ్ చేస్తున్నారు, మీరు కూర్చోండి."

వెనక సీట్లో కృతి పడీపడీ నవ్వింది. మేం విడిపోయాక అది అలా నవ్వడం అప్పుడే విన్నాను. దాంతో నా కోపం పోయింది అనను. కాస్త పక్కకి జరిగింది.

తర్వాత ఇద్దరం ఆ ఆఫీస్‌కి వెళ్లాం. అక్కడ ఒక పెద్దావిడ ఎంతో ఓపికగా, చేతికిచ్చినవన్నీ గిఫ్టులే, సపోర్ట్ కింద రావు అని చెప్పింది. ఈయన ఊరుకోక వడ్డాణం సంగతి ఎత్తారు. అదేమిటని అడిగింది. నడుముకి పెట్టుకునే బెల్ట్ అన్నాను. "పిల్లకి బెల్ట్ కొనిచ్చి సపోర్ట్ ఇచ్చానంటున్నాడా?" అంది. బంగారంది, పిల్ల పళ్లకి బ్రేసెస్ కావాలంటే తెచ్చారు అన్నాను. "పళ్లకి కాదు, నడుముకి," అని ఆవిడే మెల్లిగా అనుకుంది. (నవ్వులు)

నాకు రావలసిన పాత బాకీలో కొంత వదులుకుంటాను, మిగతాది ఇకమీదట జీతంలోంచి కోసుకోండి, లైసెన్స్ మాత్రం ఇప్పించండి అన్నాను. ఎందుకు వదులుకుంటున్నావని ఆవిడ అడిగింది. ఈయన డ్రైవ్ చేస్తేనే నా కూతురికి శనివారం ఉంటుంది అన్నాను. శశికాంత్ గారు అటు తిరిగి కూర్చున్నారు. జలుబు చేసిందన్నారు. (ఆగి) నాకూ చేసింది.

లైసెన్స్ వచ్చింది, బస్సు వచ్చింది. ఆ తర్వాత ఒక్క నెల తప్పలేదు. కృతి పెద్దదై ఆర్డర్ అయిపోయాక కూడా పంపితే ఆఫీస్ వాళ్లు తిప్పి పంపారు. "అలవాటైపోయింది చాముండీ" అన్నారు. భర్తగా ఈయనకి నేను మార్కులు వెయ్యను. తండ్రిగా మాత్రం, ఆలస్యంగా నేర్చుకున్నా, గట్టిగా నేర్చుకున్నారు.

ఈ హాల్లో ఎవరికీ ఆ అవసరం రాకూడదు. వస్తే, పిల్లలకి బంగారం సరదాగా పెట్టుకోండి, సపోర్ట్ మాత్రం ఆఫీస్ ద్వారా కట్టండి.

శాలువా కప్పిన పెద్దలకి, పులిహోర చేసిన వాళ్లకి, నన్ను మధ్యలో ఆపని అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు. "నాన్న కార్ సర్వీస్‌లో ఉంది, నువ్వే దింపాలి" అని కృతి ఇందాక నా చెవిలో చెప్పింది. శశికాంత్ గారూ, మీ కార్ బయట పార్కింగ్‌లో మంచు కింద ఉండటం నేను వస్తూ చూశాను. అయినా ఫరవాలేదు. నా పక్క సీటు ఖాళీగానే ఉంది, వచ్చి కూర్చోండి. బ్రేక్ మాత్రం నేనే తొక్కుతాను.

సెలవు.