వచ్చే ఏటి గోధుమ

ఇర్తిష్ నది ఒడ్డున పొద్దుతిరుగుడు చేలో మామాకోడళ్లు కలుపు పీకుతున్నారు. భర్త మేదెత్ చనిపోయాక కోడలు చేలోకి రావడం ఇదే మొదలు.

"పైపైన తుంచకమ్మా, వేరుతో సహా లాగు. ఇది పూసి గింజ రాల్చిందంటే ఏళ్ల తరబడి వదలదు."

"అలాగే మామయ్యా."

"మీ నాన్న ఫోన్ చేశాడు. రేపు కారు తెస్తాడట."

"నాకూ చెప్పాడు."

"చిన్నదానివి. పుట్టింటికి వెళ్తానంటే మేం తప్పుగా అనుకోం."

ఆమెకు ఏడుపు రాలేదు. అసలేమీ అనిపించలేదు. పీకిన మొక్కను సంచిలో వేసింది.

"వచ్చే ఏడు ఇక్కడేం వేస్తారు?"

"గోధుమే. ఈ కలుపు పొద్దుతిరుగుడు వేళ్ల మీదే బతుకుతుంది. కొన్నేళ్లు ఆ పంట వేయకపోతేగానీ చావదు."

"ట్రాక్టర్ ఎవరు తోలతారు? ఆయన లేడుగా."

"చూద్దాంలే."

"నాకు నేర్పండి."

"రేపు మీ నాన్న వస్తున్నాడు కదమ్మా."

"వస్తే మాంసం వండిపెట్టి తిరిగి పంపిద్దాం," అంటూ ఆమె పక్క సాలులోకి జరిగింది.